మా ఏడు సీట్ల బండికి ఏడాదిన్నరలో మూడోసారి ఆటోమేటిక్ గేర్‌బాక్స్ పోతోంది, అసలు కారణం ఎవరైనా చెప్పగలరా? (బెంగళూరు)

కదిరి_మల్లె

అందరికీ నమస్తే. పోస్ట్ పెద్దదే, కొంచెం ఓపిగ్గా చదవండి. ఇప్పటికే ఈ బండి గేర్‌బాక్స్ మీద నాలుగు లక్షలు పోయినాయి, ఇంకోసారి పెట్టే శక్తి మాకు లేదు.

మాది కదిరి, పన్నెండేళ్లుగా బెంగళూరులోనే, కాడుగోడి దగ్గర ఉంటాం. 2018లో కొత్తగా కొన్న బండి, డీజిల్, ఆరు గేర్ల ఆటోమేటిక్, టార్క్ కన్వర్టర్ (ఇంజన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కి అందించే భాగం) ఉండే రకం, అంటే ఏఎంటీ, సీవీటీ అనే వేరే రకాల ఆటోమేటిక్ కాదు. బండి పేరు, గ్యారేజీల పేర్లు కావాలనే రాయట్లేదు, నాకు గొడవ వద్దు, సమాధానం కావాలి. మా ఆయనకి నైట్ షిఫ్ట్ కాబట్టి బండి ఎక్కువ నేనే నడుపుతాను, పొద్దున పిల్లల స్కూల్, తర్వాత మారతహళ్లి వరకు ఆఫీసు, నెలకోసారి బాగేపల్లి, గోరంట్ల మీదుగా కదిరి. మా నాయనకి రెండు మోకాళ్లూ ఆపరేషన్ అయినాయి, ఈ బండి అయితే సీటు సరిగ్గా ఆయన నడుము ఎత్తుకు వస్తుంది, అట్లా కూర్చుని కాళ్లు లోపలికి తిప్పుకుంటాడు. వేరే ఏ కారు ఎక్కాలన్నా ఇద్దరు పట్టుకోవాలి. అందుకే "అమ్మేయ్" అనే సలహా దయచేసి మొదటే ఇవ్వద్దు.

మొదటిసారి 2024 మే, 68 వేల కిలోమీటర్లు. తిరుపతి నుంచి వస్తున్నాం, చిత్తూరు దాటి మొగిలి ఘాట్ ఎక్కుతుంటే బండి మూడో గేర్ నుంచి నాలుగుకు పోయేటప్పుడు ఇంజన్ ఊరికే అరుస్తోంది, ఆర్పీఎం నాలుగు వేలు దాటుతోంది, స్పీడ్ మాత్రం పెరగట్లేదు. నాయన పైన ఉండే హ్యాండిల్ గట్టిగా పట్టుకుని "అమ్మా, పక్కకు ఆపుదామా" అన్నాడు, ఆయన అట్లా ఎప్పుడూ అడిగే మనిషి కాదు. ఆపి, పదినిమిషాలు ఆగి, మళ్లీ స్టార్ట్ చేస్తే ఇక మూడో గేర్ తప్ప ఏదీ పడలేదు. పలమనేరులో ఎవరో తాడు కట్టి ముళబాగిలు దాకా లాగారు, అక్కడి నుంచి లారీ మీద బెంగళూరు. ఒక గ్యారేజీలో గేర్‌బాక్స్ దించి క్లచ్ ప్లేట్లు మొత్తం కాలిపోయినాయని ఓవర్‌హాల్ చేశారు, 1,90,000. ఆరు నెలలు లేదా పది వేల కిలోమీటర్లు, ఏది ముందైతే అది, వారంటీ.

రెండోసారి 2025 ఫిబ్రవరి, 79 వేలు. ఈసారి ముందు వణుకు మొదలైంది. యాభై, అరవై మధ్యలో లైట్‌గా యాక్సిలరేటర్ పెట్టి పోతుంటే రోడ్డు మీద ఆ తెల్ల గీతల స్పీడ్ బ్రేకర్లు వరసగా ఉంటాయి చూడండి, వాటి మీద పోయినట్టు సీటంతా డడడడ అంటుంది. రెండు వారాల్లో ఆర్ (రివర్స్) నుంచి డీ (డ్రైవ్) వేస్తే రెండు మూడు సెకన్లు ఏమీ జరగదు, తర్వాత దబ్‌మని వెనక నుంచి ఎవరో తన్నినట్టు పడుతుంది. పాత గ్యారేజీ వాళ్లు వారంటీ అయిపోయింది అన్నారు. ఇంకొకాయన పాత గేర్‌బాక్స్ బాగు చేయడం దండగ, యాక్సిడెంట్ బండిలో నుంచి తీసిన మంచి బాక్స్ ఉందని చెప్పి అది ఎక్కించాడు, 2,10,000. ఐదు నెలలు పట్టుదారంలా నడిచింది.

ఇప్పుడు 88 వేలు. పోయిన వారం కేఆర్‌పురం హ్యాంగింగ్ బ్రిడ్జ్ దగ్గర మళ్లీ అదే డడడడ. స్కానర్ పెడితే పీ0741 అనే కోడ్ వచ్చింది. రెండో గ్యారేజీ ఆయన "ఏనూ ఆగల్ల (ఏమీ కాదు) మేడమ్, ఆయిల్ మార్చిస్తే సరిపోతుంది" అంటున్నాడు, ఇంకొకరు టార్క్ కన్వర్టర్ పోయింది అంటున్నారు, అది ఒక్కటే అరవై వేలంట.

మూడు వేరే వేరే గేర్‌బాక్సులు కదా, ఒకటి కంపెనీది, ఒకటి ఓవర్‌హాల్ చేసింది, ఒకటి వేరే బండిది. మూడూ ఎట్లా పోతాయి? నేను నడిపే తీరులో తప్పుందా? నిజంగా అడుగుతున్నాను, ఉంటే చెప్పండి, మార్చుకుంటాను. సర్వీసులు అన్నీ టైమ్‌కే చేయించాను, ఇంజన్ బాగుంది, ఏసీ బాగుంది, టెంపరేచర్ ముల్లు ఎప్పుడూ మధ్యలోనే ఉంటుంది. ఇంజన్ చల్లబరిచే కూలంట్ మాత్రం నెలకు రొంత తగ్గుతుంది, పోసుకుంటూ ఉంటాను, ఏడేళ్ల బండికి అది మామూలే అన్నారు.

కూకట్‌పల్లి_టు_కేఆర్‌పురం

అక్కా, నాది కూడ సేమ్ వణుకు, వేరే కంపెనీ బండి కానీ నాదీ సిక్స్ స్పీడే. ఆ వణుకు వచ్చే టైంల లాకప్ క్లచ్ పడుతుంటది, టార్క్ కన్వర్టర్ లోపల ఇంజన్‌ను గేర్‌బాక్స్‌ను డైరెక్ట్‌గ కలిపే క్లచ్ అన్నట్టు, అది గట్టిగ పట్టుకోలేక పట్టి వదిలి పట్టి వదిలి చేస్తే గట్ల డడడడ వస్తది. పీ0741 అంటే గదే, లాకప్ సరిగ్గ పట్టుకుంటలేదు అని. కన్వర్టరే పోయిందని కోడ్ చెప్పదు, ఆయిల్ ఖరాబైనా వస్తది, సోలెనాయిడ్ (కరెంట్‌తోని ఆయిల్ దారి తెరిచి మూసే వాల్వ్) సతాయించినా వస్తది. ఒక్క కోడ్ చూపెట్టి అరవై వేలు అడిగితే ఇయ్యకు.

నా బండిల ఏమైందంటే ఒక దగ్గర సర్వీస్‌కు ఇస్తే "అన్నిటికీ పనికొస్తది" అని ఏదో ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్) పోసిండ్రు. మాన్యువల్‌ల రాసిన గ్రేడ్ వేరే. నెలరోజులకే వణుకు షురూ. కరెక్ట్ గ్రేడ్ తెచ్చి రెండుసార్లు వారం గ్యాప్‌ల మార్పిస్తే పోయింది, ఇప్పటికి 30 వేలు తిరిగిన, మంచిగనే ఉంది. రెండు సార్లు ఎందుకంటే డ్రెయిన్ చేస్తే మొత్తం ఆయిల్ రాదు, సగానికి సగం కన్వర్టర్‌లనే ఉండిపోతది.

నువ్వు పోసిన ఆయిల్ ఏందో బిల్లు మీద చూడు ముందుగల. ఇంకొకటి, ఓబీడీ డాంగిల్ (బండి కంప్యూటర్ సాకెట్‌కు పెట్టే చిన్న పరికరం) ఒకటి కొనుక్కో, వెయ్యి రూపాయల్లోపే బ్లూటూత్‌ది వస్తది, ఫోన్‌ల గేర్‌బాక్స్ ఆయిల్ టెంపరేచర్ చూపెడ్తదా లేదా నీ బండికి ట్రై చెయ్. నాకైతే ఎండాకాలం సిల్క్ బోర్డ్ కాడ ముప్పావుగంట నిలబడ్తే 112 దాకా పోయింది, అదే హెబ్బాళ్ దాటి ఎయిర్‌పోర్ట్ రోడ్ ఎక్కినంక పది నిమిషాల్ల 88కి దిగింది. ఇంజన్ ముల్లు మాత్రం రెండు దగ్గర్లా మధ్యలనే. ఆ ముల్లు గేర్‌బాక్స్ గురించి ఏం చెప్పది అక్కా.

సిగ్నల్ దగ్గర ఎన్‌ల (న్యూట్రల్) వేస్తున్నవా డీల పెట్టి బ్రేక్ తొక్కుతున్నవా?

జేసీరోడ్_స్పానర్

అమ్మా, నేను గుంటూరు వాడిని, బెంగళూరులో ఆటోమేటిక్ గేర్‌బాక్సుల పని పంతొమ్మిదేళ్లుగా చేస్తున్నాను. మీ పోస్ట్ అంతా చదివి చివరి లైన్ దగ్గర ఆగిపోయాను. కూలంట్ నెలనెలా తగ్గుతోంది అన్నారు. ఆ కూలంట్ ఎటు పోతోంది? పార్కింగ్‌లో కింద మరక ఉందా? పొద్దున స్టార్ట్ చేస్తే సైలెన్సర్ నుంచి తెల్ల పొగ వస్తుందా? రెండూ లేకపోతే నా అనుమానం ఒక్కటే, మీ కూలంట్ గేర్‌బాక్స్‌లోకి పోతోంది.

ఎలా పోతుందో చెప్తాను, ఇది మా మెకానిక్కుల్లో కూడా చాలామంది పట్టించుకోని విషయం. మీలాంటి బండ్లలో చాలావాటికి గేర్‌బాక్స్ ఆయిల్ చల్లబరిచే కూలర్ విడిగా ఉండదు, రేడియేటర్ పక్కన ఉండే ట్యాంక్ లోపలే చిన్న గొట్టంలా ఉంటుంది. బయట కూలంట్, లోపల ఆయిల్, మధ్యలో పల్చటి లోహపు గోడ. ఆ గోడకి సూది మొనంత తూటు పడినా చాలు. బండి నడుస్తున్నప్పుడు ఆయిల్ ప్రెషర్ ఎక్కువుంటే ఆయిల్ కూలంట్‌లోకి వస్తుంది, బండి ఆపగానే గేర్‌బాక్స్ పంప్ ఆగిపోతుంది, ఆయిల్ వైపు ప్రెషర్ సున్నా, కానీ వేడి రేడియేటర్‌లో ఇంకా సుమారు ఒక బార్ ప్రెషర్ ఉంటుంది, అప్పుడు కూలంట్ అటు తోసుకుంటుంది. అంటే మీరు ఇంటికొచ్చి తాళం వేసి పైకి వెళ్లిన తర్వాత జరిగే పని ఇది, నడిపే మనిషికి ఎలా తెలుస్తుంది? మీ డ్రైవింగ్ తప్పు కాదమ్మా, ఆ మాట ముందు మనసులోంచి తీసేయండి.

క్లచ్ ప్లేట్ అంటే ఉక్కు పళ్లెం మీద కాగితంలాంటి లైనింగ్ జిగురుతో అంటించి ఉంటుంది. కూలంట్‌లో ఉండే గ్లైకాల్, నీళ్లు ఆ జిగురుని వదిలించేస్తాయి. లైనింగ్ పొరలు పొరలుగా ఊడి ఆయిల్‌లో తిరిగి వాల్వ్ బాడీలో (ఏ క్లచ్‌కి ఆయిల్ పోవాలో మళ్లించే భాగం) సన్నటి దారులకు అడ్డం పడుతుంది. అన్నిటికంటే ముందు ఫీలయ్యేది లాకప్ క్లచ్, అందుకే మీకు రెండుసార్లూ వణుకుతోనే మొదలైంది. మొదటిసారి కూడా వణుకు వచ్చే ఉంటుంది, అప్పుడు మీరు గుర్తుపట్టి ఉండరు.

ఇక మూడు గేర్‌బాక్సులు ఎలా పోతాయి అన్నారు కదా. మూడూ వేరే, కానీ రేడియేటర్ ఒక్కటే! ఓవర్‌హాల్ చేసినాయన రేడియేటర్ ముట్టుకోలేదు, బాక్స్ మార్చినాయనా ముట్టుకోలేదు. నా చేతికి వచ్చిన "మళ్లీ పోయింది" కేసుల్లో సగానికి పైగా గేర్‌బాక్స్ బయట ఉన్న తప్పే, కూలర్, కూలర్ గొట్టాలు, వైరింగ్ ఎర్తు, ఆయిల్ లెవెల్. బాక్స్ దించి ప్లేట్లు మార్చి ఎక్కిస్తే బిల్లు పెద్దది వస్తుంది, ఎందుకు కాలాయి అని వెతికితే రోజంతా పోతుంది బిల్లు రాదు, ఉన్న మాట చెప్తున్నాను.

ఇప్పుడు మీరు చేయాల్సింది. రేపు పొద్దున ఇంజన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు, వేడి మీద మూత అస్సలు తీయొద్దు, కూలంట్ పోసే డబ్బా, అంటే రిజర్వాయర్, మూత తీసి లోపల గోడకి వేలు రాసి చూడండి. జిడ్డుగా, ఎర్రమట్టి రంగు పొర తగిలితే సగం సమాధానం దొరికినట్టే. తర్వాత గ్యారేజీలో గేర్‌బాక్స్ ఆయిల్ అరలీటరు తీయించి గాజు సీసాలో పోయించండి. మంచి ఏటీఎఫ్ ఎర్రగా, ఇవతల నుంచి అవతల కనపడేలా ఉంటుంది. పాతబడితే గోధుమ, కాలితే నలుపు, మాడిన వాసన. నీళ్లు కలిస్తే మాత్రం రోజ్ మిల్క్‌లా చిక్కగా, నురగతో గులాబీ రంగు. ఒకసారి చూస్తే జన్మలో మర్చిపోరు. కొంచెమే కలిస్తే రంగు అంతగా మారదు, అప్పుడు వేడి పెనం మీద ఒక చుక్క వేసి చూస్తాం, నీళ్లుంటే చిటపటలాడుతుంది, లేకపోతే ఊరికే పొగ వస్తుంది. ఇది ఇంట్లో వద్దు, షెడ్‌లో మెకానిక్ చేత చేయించండి. చిటపట రాలేదు కదా అని వదిలేయొద్దు కూడా, ఖాయంగా తెలియాలంటే ఆయిల్ టెస్ట్ చేసే ల్యాబ్‌కి శాంపిల్ పంపి గ్లైకాల్ ఉందో లేదో చూడమనాలి.

అప్పటిదాకా బండి నడపొద్దు. ఆయిల్ మార్చేసి చూద్దాం అంటే కూడా ఒప్పుకోవద్దు. కారణం దొరక్కుండా కొత్త ఆయిల్ పోస్తే సాక్ష్యం కడిగేసినట్టు అవుతుంది.

పైన బాబు అడిగిన సిగ్నల్ సంగతి, నిమిషం లోపు అయితే డీలోనే బ్రేక్ మీద ఉండండి, రెండు మూడు నిమిషాలు అయితే ఎన్. ప్రతి పది సెకన్లకీ మారిస్తే మళ్లీ మళ్లీ క్లచ్ పట్టించడమే.

న్యూజెర్సీ_నెల్లూరోడు

స్పానర్ అన్న చెప్పింది నూటికి నూరుపాళ్లు. అమెరికాలో దీనికి పేరే ఉంది, స్ట్రాబెర్రీ మిల్క్‌షేక్ అంటారు. నిస్సాన్ 2005 నుంచి 2010 దాకా పాత్‌ఫైండర్, ఎక్స్‌టెర్రా, ఫ్రాంటియర్ బండ్లలో ఇదే కథ, రేడియేటర్ లోపలి కూలర్ పగిలి కూలంట్ గేర్‌బాక్స్‌లోకి పోయేది, తర్వాత రేడియేటర్ మీద వారంటీ 8 ఏళ్లు, 80 వేల మైళ్లకి పెంచారు. నేను ఇక్కడికి వచ్చిన కొత్తలో సెకండ్‌హ్యాండ్ కొనేటప్పుడు ముందు రేడియేటర్ మార్చారా అని అడగమని మా సీనియర్లు చెప్పేవాళ్లు.

ఇంకోటి, ఫ్యామిలీ వ్యాన్లకే ఎక్కువ ఎందుకు అంటే బరువు. ఏడుగురు, లగేజీ, ఏసీ రెండు వరసలు, ఘాట్. వేడి ఎక్కడో ఒకచోట బయటపడుతుంది. హోండా 2004లో ఇక్కడ సుమారు 11 లక్షల బండ్లు రీకాల్ చేసింది, ఒడిస్సీ వ్యాన్ కూడా అందులో ఉంది, కొన్ని పరిస్థితుల్లో రెండో గేర్ దగ్గర వేడి పెరిగి గేర్ పళ్లు విరిగే ప్రమాదం ఉందని. దానికి వాళ్లు చేసిన రిపేర్ ఏంటో తెలుసా, తక్కువ తిరిగిన బండ్లకి కూలర్ నుంచి వచ్చే ఆయిల్ ఆ గేర్ మీద ఎక్కువ పడేలా దారి మార్చారు, ఎక్కువ తిరిగిన వాటికి గేర్ రంగు మారిందా అని చూసి మారితే బాక్సే మార్చారు. అంటే ఇంత పెద్ద గొడవకీ మూలం ఆయిల్ సరైన చోటికి, సరైన వేడిలో చేరకపోవడం.

మీరు మళ్లీ బాక్స్ చేయిస్తే పాత కూలర్‌ని కడిగి వాడతాం అంటే ఒప్పుకోవద్దు, అందులో ఇరుక్కున్న పొట్టు, లోహపు పొడి కొత్త బాక్స్‌లోకి మొదటి రోజే పోతుంది. వీలైతే రేడియేటర్‌తో సంబంధం లేకుండా ముందు గ్రిల్ వెనక గాలికి చల్లబడే కూలర్ విడిగా పెట్టించండి. మనూరి ఎండలకు అదే మేలు, చలి దేశాల్లో ఆయిల్ వేడెక్కడం లేట్ అవుతుందని ఆలోచిస్తారు, బెంగళూరుకి ఆ బాధ లేదు.

కదిరి_మల్లె

అందరికీ చేతులెత్తి దండం పెడుతున్నాను. పొద్దున్నే ఆరింటికి కిందికి దిగి రిజర్వాయర్ మూత తీసి వేలు పెట్టాను. జిడ్డు. మా అమ్మ కుంకుడుకాయలతో తల రుద్దే ముందు నూనె పట్టించిన చేతిలాగా, నీళ్లతో కడిగినా పోలేదు, సోపు పెట్టాల్సి వచ్చింది. రంగు లైట్‌గా గోధుమ ఎరుపు. కింద మరకలు లేవు, తెల్ల పొగ లేదు.

అన్నా, ఇంకో విషయం ఒప్పుకోవాలి. రెండు మూడుసార్లు కూలంట్ అయిపోయి ఉంటే అపార్ట్‌మెంట్ ట్యాప్ నీళ్లు పోశాను. మాకు బోరు నీళ్లు, ఎండాకాలం ట్యాంకర్. గీజర్ రాడ్డు మీద ఏడాదికే తెల్లగా సున్నం పట్టే నీళ్లవి. దానివల్లే తూటు పడిందా?

బండి నిన్నటి నుంచి కదల్చలేదు. పిల్లలు స్కూల్ బస్సులో పోతున్నారు. పాత బిల్లులు చూశాను, రెండో గ్యారేజీ బిల్లు మీద "ఆయిల్ 8 లీటర్లు" అని మాత్రమే ఉంది, గ్రేడ్ లేదు.

జేసీరోడ్_స్పానర్

నీళ్లు ఒక కారణం అయ్యుండొచ్చమ్మా, అదొక్కటే అని నేను చెప్పలేను. కూలంట్ అంటే చల్లబరచడానికి మాత్రమే కాదు, లోపల తుప్పు పట్టకుండా ఆపే మందు కూడా అందులో ఉంటుంది, నీళ్లు కలిపిన కొద్దీ ఆ మందు పల్చనవుతుంది, పైగా బోరు నీళ్లలో ఉప్పులు. ఇకమీద డిస్టిల్డ్ వాటర్, కరెక్ట్ కూలంట్, ఇవి తప్ప ఏదీ వద్దు. కానీ మొదటిసారి తాడుతో లాగారు చూశారా, అది కూడా మంచిది కాదు. ఇంజన్ ఆగితే గేర్‌బాక్స్‌లో పంప్ తిరగదు, చక్రాలు మాత్రం లోపలి గేర్లను తిప్పుతూ ఉంటాయి, ఆయిల్ లేకుండా రుద్దుకుంటాయి. ఆటోమేటిక్ బండి ఆగితే ఫ్లాట్‌బెడ్ లారీయే, ఎంత ఆలస్యమైనా సరే.

ఇప్పుడు బండిని ఫ్లాట్‌బెడ్ మీదే గ్యారేజీకి పంపండి. రేడియేటర్ దించి, ఆయిల్ కూలర్ రెండు నోళ్లలో ఒకటి బిగించి రెండోదాంట్లోంచి గాలి కొట్టి నీళ్ల తొట్టిలో ముంచమనండి. పంక్చర్ షాపులో ట్యూబ్ చూసినట్టే. బుడగలు వస్తే ఇక వాదనే లేదు. మీరు దగ్గరుండి వీడియో తీయండి.

వకీలుగారి_చిన్నోడు

మేడమ్, రిపేర్ సంగతి పెద్దలు చెప్పారు, నేను డబ్బు సంగతి చెప్తాను. వారంటీ అయిపోయింది అన్నంత మాత్రాన అంతా అయిపోయినట్టు కాదండి. మొదటి గ్యారేజీ, రెండో గ్యారేజీ ఇద్దరూ కారణం వెతక్కుండా పని చేశారని చూపించగలిగితే సేవాలోపం కింద వినియోగదారుల కమిషన్‌కి వెళ్లొచ్చు. 2019 చట్టం ప్రకారం ఫిర్యాదుకి కారణం పుట్టిన రోజు నుంచి రెండేళ్లు గడువు, మీది 2024 మేలో మొదలైంది కాబట్టి మొదటి గ్యారేజీ మీద కూడా ఇంకా టైమ్ ఉంది, కానీ నాన్చకండి. మీరు ఉండే జిల్లాలోనే వేయొచ్చు, గ్యారేజీ ఎక్కడుంటే అక్కడికి పోనక్కర్లేదు. చెల్లించిన మొత్తం ఐదు లక్షల లోపు అయితే ఫీజు కూడా లేదు, ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌లోనే ఫైల్ చేయొచ్చు. అంతకుముందు 1915కి ఫోన్ చేసి ఒక ఫిర్యాదు నమోదు చేయండి, కొన్నిసార్లు అక్కడే మాట్లాడుకుని తేలిపోతుంది.

ముఖ్యమైన విషయం ఏంటంటే లోపం ఉందని రుజువు చేయాల్సిన భారం మన మీదే పడుతుంది, కేవలం "మళ్లీ పోయింది" అంటే సరిపోదు. కాబట్టి తీసిన ఆయిల్ సీసా సీలు వేసి దాచండి, పాత రేడియేటర్‌ని స్క్రాప్ వాడికి ఇవ్వనివ్వకండి, జాబ్ కార్డులు, స్కాన్ రిపోర్టులు, వాట్సాప్ మెసేజ్‌లు అన్నీ ఒక ఫోల్డర్‌లో పెట్టండి. మీరు కూలంట్ తగ్గుతోందని గ్యారేజీకి చెప్పినట్టు, వాళ్లు మామూలే అన్నట్టు ఎక్కడైనా రాతలో ఉందా? ఉంటే అది బంగారం.

ట్యాప్ నీళ్లు పోశాను అన్నది కూడా దాచొద్దండి. అవతలి లాయర్ అడగకముందే మీరు చెప్తే మీ మాటకి విలువ ఉంటుంది.

కదిరి_మల్లె

ఉందండి! రెండో గ్యారేజీ ఆయనకి మార్చిలో వాట్సాప్ పెట్టాను, "కూలంట్ మళ్లీ తగ్గింది, ఒకసారి చూడండి" అని. "నార్మల్ మేడమ్, టాప్ అప్ చేయండి" అని రిప్లై. స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నాను.

ఈరోజు శనివారం, రేడియేటర్ దింపారు. స్పానర్ అన్న చెప్పినట్టే ప్లాస్టిక్ తొట్టిలో నీళ్లు పోసి ముంచి గాలి కొట్టారు. మొదట ఏమీ రాలేదు, నా ప్రాణం ఉసూరుమంది, ఇది కూడా కాకపోతే ఇంక ఎక్కడ వెతకాలి అనుకున్నాను. మెకానిక్ కుర్రాడు ఆగండి అక్కా అని రేడియేటర్‌ని కొంచెం పక్కకు వంచాడు, అప్పుడు కింది వైపు నుంచి ఆవగింజంత బుడగలు, ఒకటి, కాసేపాగి ఇంకొకటి, వరసగా. నేను కూర్చున్న స్టూల్ మీద నుంచి లేచి నిలబడ్డాను. ఏడాదిన్నర, నాలుగు లక్షలు, మొగిలి ఘాట్‌లో నాయన భయం, అన్నీ ఆ ఆవగింజంత తూటులోంచి పోయినాయి.

గేర్‌బాక్స్ ఆయిల్ తీస్తే పూర్తి రోజ్ మిల్క్ కాదు, పల్చటి గులాబీ రంగు, పైన నురగ. పెనం మీద చుక్క వేస్తే ఆవాలు వేగినట్టు చిటపటమంది. రెండు సీసాలు సీలు వేయించాను, ఒకటి ల్యాబ్‌కి, ఒకటి నా దగ్గర.

ఇప్పుడు నిర్ణయం ఏంటంటే కొత్త రేడియేటర్, విడిగా గాలి కూలర్, గొట్టాలు కొత్తవి, గేర్‌బాక్స్ విప్పి ప్లేట్లన్నీ కొత్తవి, కన్వర్టర్ కోసి లోపల చూసి లైనింగ్ మార్చడం, వాల్వ్ బాడీ శుభ్రం చేయడం, ఆయిల్ మాన్యువల్‌లో రాసిన గ్రేడే, దాని డబ్బా మీద నంబర్ బిల్లులో రాయించాలి. మొత్తం 1,75,000 చెప్పారు. నా గాజులు రెండు తాకట్టు పెట్టాను, మా ఆయన పీఎఫ్‌లో నుంచి కొంత తీస్తున్నాడు. స్పానర్ అన్నా, ఇంకేమైనా మర్చిపోయానా?

జేసీరోడ్_స్పానర్

రెండు ఉన్నాయమ్మా. ఆయిల్ లెవెల్ చూసే పద్ధతి. మీ బాక్స్‌కి డిప్‌స్టిక్ ఉండదు, బండిని సమంగా లిఫ్ట్ మీద పెట్టి, ఇంజన్ ఆన్‌లో ఉంచి, స్కానర్‌లో ఆయిల్ టెంపరేచర్ చూస్తూ, మాన్యువల్ చెప్పిన వేడి దగ్గరే కింది ప్లగ్ తీసి సన్నగా చుక్కలు కారేదాకా చూడాలి. చాలామంది చల్లటి ఆయిల్‌తోనో బాగా వేడెక్కాకో చూస్తారు, అర లీటరు తేడా వచ్చేస్తుంది. అది కూడా దగ్గరుండి చూడండి. రెండోది, పని అయ్యాక కంప్యూటర్‌లో పాత అడాప్టేషన్, అంటే ప్లేట్ల అరుగుదలను బట్టి అది నేర్చుకున్న లెక్కలు, చెరిపి కొత్తగా నేర్పించమనండి, లేకపోతే అరిగిన ప్లేట్ల లెక్కలో కొత్త ప్లేట్లకి ప్రెషర్ పంపుతుంది, గేర్లు తన్నినట్టు పడతాయి.

ఘాట్‌లో ఎక్కేటప్పుడు మాన్యువల్ మోడ్‌లో మూడో గేర్ పట్టించి ఉంచండి, అది పైకీ కిందికీ వెతుక్కోకుండా ఉంటుంది. దిగేటప్పుడు కూడా అంతే, బ్రేకుల మీదే ఆధారపడొద్దు. వేడెక్కితే ఇంజన్ వెంటనే ఆపకుండా పార్క్‌లో పెట్టి ఐదు నిమిషాలు ఆన్‌లో ఉంచండి, పంప్ తిరిగితేనే ఆయిల్ కూలర్‌లోకి పోతుంది.

కూకట్‌పల్లి_టు_కేఆర్‌పురం

అక్కా నేను ఆయిల్ గ్రేడ్ అనే అనుకున్న, కూలంట్ లైన్ నేను కూడ చదివి వదిలేసిన. సారీ. డాంగిల్ నా దగ్గర ఒకటి ఎక్స్‌ట్రా ఉంది, నేను టిన్ ఫ్యాక్టరీ దగ్గరనే ఉంట, కావాలంటే వచ్చి తీస్కపో, పైసలు వద్దు.

కదిరి_మల్లె

బండి వచ్చి పదమూడు రోజులు అయింది. తమ్ముడూ నీ డాంగిల్ పెట్టుకునే నడుపుతున్నాను, చాలా థాంక్స్. ల్యాబ్ రిపోర్ట్ వచ్చింది, ఆయిల్‌లో గ్లైకాల్ ఉందని రాశారు, వకీలు గారు చెప్పినట్టు ఫోల్డర్‌లో పెట్టి 1915కి ఫోన్ చేశాను, నంబర్ ఇచ్చారు.

రిజర్వాయర్ మీద పర్మనెంట్ మార్కర్‌తో కూలంట్ మట్టం దగ్గర నల్ల గీత గీశాను. రోజూ పొద్దున ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు చూస్తున్నాను, మా చిన్నోడు కూడా నాతో వచ్చి వంగి చూసి "గీత మీదే ఉందమ్మా" అంటాడు. మొన్న సాయంత్రం మారతహళ్లిలో నలభై నిమిషాలు నిలబడితే ఆయిల్ 96 చూపించింది, అంతకంటే పెరగలేదు. యాభై, అరవై మధ్యలో ఎంత లైట్‌గా తొక్కినా వణుకు లేదు.

ఈ ఆదివారం నాయనను ఎక్కించకుండా నేను ఒక్కదాన్నే ముళబాగిలు దాకా పోయి వస్తాను, హైవే మీద, మధ్యాహ్నం ఎండలో, ఏసీ ఫుల్‌గా పెట్టి. రీడింగ్ ఇక్కడే పెడతాను.

కదిరి_మల్లె

ముళబాగిలు. ఆయిల్ 89. గంట ఆగి మూత తీసి చూశాను, గీత మీదే ఉంది, వేలికి జిడ్డు లేదు. నాయనకి ఫోన్ చేశాను, వచ్చే శనివారం కదిరికి రెడీగా ఉండమని.